ఆ గడువు ఎవరిది?

శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతంలో భూమి కొనుగోలు రెండు అంచెల్లో నడుస్తుంది. ముందు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటారు. మిగతా సొమ్ము ముట్టాక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. మధ్యలో మూడు నెలలో ఆరు నెలలో గడువు పెట్టుకుంటారు. అగ్రిమెంటు గొడవలు ముదిరేది ఆ మధ్యకాలంలోనే. గడువు తీరేదాకా ఇక్కడి భూమి ధర ఆగి ఉండదు మరి. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ వచ్చింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2024 మార్చిలో ప్యారడైజ్ నుంచి రాజీవ్ రహదారి మీదుగా శామీర్‌పేట ఔటర్ దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. 2025 జనవరిలో జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు, ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు మెట్రో మార్గాలు ప్రకటించారు. ఇలాంటి ఒక్క ప్రకటన చాలు, నిన్న రాసుకున్న ధర ఇవాళ చిన్నబోవడానికి. ధర పెరిగితే ఆ అగ్రిమెంటు అమ్మినవాడికి గుదిబండ అవుతుంది. పెరగకుండా డబ్బు బిగుసుకుపోతే కొన్నవాడికి భారమవుతుంది. అప్పుడు ఇద్దరూ ఒకే కాగితం పట్టుకుని, ఒకే వాక్యం చూపించి, రెండు వేర్వేరు అర్థాలు చెబుతారు.

ఆ వాక్యం దాదాపు ప్రతి అగ్రిమెంటులోనూ ఒకే మూసలో ఉంటుంది. నేటి నుంచి ఇన్ని నెలల లోపు మిగిలిన పైకము చెల్లించి రెండవ పార్టీ తన సొంత ఖర్చులతో రిజిస్ట్రేషన్ చేయించుకొనవలెనని, లేని యెడల బయానా జప్తు కాగలదని, అగ్రిమెంటు రద్దు కాగలదని రాస్తారు. దగ్గరగా చూస్తే అందులో ఏం లేదో తెలుస్తుంది. డబ్బు చెల్లించడానికి గడువు ఉంది. సర్వే చేయించి నాలుగు వైపులా హద్దులు చూపించడానికి గడువు లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంతకాలు తేవడానికి గడువు లేదు. బ్యాంకు తనఖా విడిపించడానికి, పాస్‌బుక్కులో తప్పు దిద్దించడానికి, నాలా కన్వర్షన్ తెచ్చివ్వడానికి గడువు లేదు. హద్దులు చూపిస్తేనే డబ్బిస్తానని కొన్నవాడు, డబ్బిస్తేనే సర్వేకు వస్తానని అమ్మినవాడు. ఏది ముందు, ఏది వెనక అన్నది కాగితంలో ఉండదు. పరస్పర వాగ్దానాలను ఏ వరుసలో నెరవేర్చాలో ఒప్పందంలో చెప్పనప్పుడు, ఆ లావాదేవీ స్వభావాన్ని బట్టి వరుస తేల్చాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కోర్టు ముందుకు వచ్చే మొదటి పని ఇదే.

నేను వాదించదలచింది ఒక్కటే. శివారు భూముల అగ్రిమెంట్లలో గడువును నిజమైన గడువుగానే చదవాలి. అయితే అది అమ్మినవాడి సొత్తు కాదు, కొన్నవాడి సొత్తూ కాదు. సంతకం చేసిన తర్వాత తన వంతు పని తాను చేసి, ఆ గడువును గౌరవించినవాడిదే ఆ గడువు. కాగితంలోని మాటలు ఎంత ముఖ్యమో, మాటల తర్వాతి నడత అంతే ముఖ్యం. గత వందేళ్ల తీర్పులను వరసగా చూస్తే మన న్యాయస్థానాలు మెల్లగా ఇటువైపే నడిచాయని నా నమ్మకం. కానీ ఈ సూత్రాన్ని గట్టిగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పడంలో ఆలస్యం చేశాయి. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లిస్తున్నది ఇరువైపులా ఉన్న మామూలు కుటుంబాలు.

పాత సూత్రం వేరు. స్థిరాస్తి అమ్మకంలో గడువు ప్రాణాధారమైన షరతు కాదని, గడువు దాటినంత మాత్రాన ఒప్పందం చచ్చిపోదని 1915లో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. తర్వాత సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. ఆ రోజులకు అది న్యాయమే. భూమి ధర ఏళ్ల తరబడి కదలని కాలంలో రెండు నెలలు ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చిన చాంద్ రాణి కేసులో ఆ సూత్రానికి తొలి పగులు పడింది. 1971లో రాసుకున్న అగ్రిమెంటు అది. మొత్తం ధర 1,78,000 రూపాయలు. అందులో 98,000 పది రోజుల్లోపు మాత్రమే చెల్లించాలని రాసుకున్నారు. కొనుగోలుదారు ఇతర షరతులు తీరాకే ఇస్తానన్నారు. అక్కడ రాసిన తీరును బట్టి, ముఖ్యంగా ఆ ‘మాత్రమే’ను బట్టి, ఆ పది రోజులూ ప్రాణాధారమైన షరతేనని ధర్మాసనం తేల్చింది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి చెప్పింది. గడువు ప్రాణాధారం కాని చోట కూడా తగిన సమయంలోనే పని జరగాలని, ఏది తగిన సమయమో షరతులను, ఆస్తి స్వభావాన్ని, చుట్టూ ఉన్న పరిస్థితులను బట్టి చూడాలని చెప్పింది.

1997లో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి రాసిన విద్యానాదం కేసు తీర్పు ఆ మాటను పట్టణ ఆస్తులకు గట్టిగా అన్వయించింది. మధురైలోని ఒక ఆస్తిని 1978 డిసెంబరులో 60,000 రూపాయలకు అమ్మడానికి ఒప్పుకుని 5,000 బయానా తీసుకున్నారు. గడువు ఆరు నెలలు. కొనుగోలుదారు రెండున్నరేళ్లు కిమ్మనకుండా కూర్చుని, 1981లో నోటీసిచ్చి దావా వేశాడు. ధరలు ఎగబాకుతున్న ఊళ్లో ఇంతకాలం ఊరుకున్నవాడికి ఆస్తి ఇప్పించడం అన్యాయమని, ఒప్పందంలోని గడువులకు కొంతైనా విలువ ఉండి తీరాలని కోర్టు అంది. తెలంగాణ గడ్డ నుంచి వెళ్లిన న్యాయమూర్తి మధురై ఆస్తి గురించి రాసిన ఆ తీర్పు, ఇవాళ మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోని భూములకే ఎక్కువగా వర్తిస్తుంది. 2011లో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ శారదామణి కందప్పన్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేశారు. ధరలు నిలకడగా ఉన్న కాలంలో పుట్టిన సూత్రాన్ని, ధరలు పరుగెత్తే కాలంలో కళ్లు మూసుకుని వాడకూడదని అన్నారు. ఆ కేసులో ఆయన చేసిన విభజన చాలా పదునైనది. రిజిస్ట్రేషన్‌కు పెట్టుకున్న గడువు సడలవచ్చు, వాయిదాల చెల్లింపునకు పెట్టుకున్న గడువు మాత్రం సడలదన్నారు. ఒకే కాగితంలోని రెండు గడువులను రెండు బరువులతో తూచారు.

దీనికి అసలు కారణం లెక్కలో ఉంది. కోటి రూపాయల భూమికి ఐదు లక్షల బయానా ఇచ్చి గడువు దాటినా కదలని కొనుగోలుదారు నిజానికి భూమిని కొనడం లేదు. ధర పెరిగితే దావా వేయడానికి, పడితే ఐదు లక్షలు వదులుకుని తప్పుకోవడానికి హక్కు కొనుక్కుంటున్నాడు. ఆ హక్కుకు అగ్రిమెంటులో ధర కట్టలేదు. అమ్మినవాడు దాన్ని అమ్మనూ లేదు. ఆ రైతు అదే డబ్బుతో ఇంకోచోట పొలం కొనాలనుకుంటే, అక్కడ కూడా ధరలు పెరిగిపోయి ఉంటాయి. కోర్టు చివరికి పాత ధరకే రిజిస్ట్రేషన్ చేయమంటే, కూతురి పెళ్లికో వైద్యానికో భూమి అమ్ముకున్న ఆ కుటుంబానికి ఇటు భూమీ మిగలదు, అటు ఆ డబ్బుతో కొనగలిగిందీ ఉండదు. అందుకే చెల్లింపు గడువును మెత్తగా చదవడం దయగల పనిలా కనిపించినా, ఆ దయకు ఖర్చు పెట్టేది ఎదుటివాడు.

ఇక నాణేనికి రెండో వైపు. ఇక్కడ మన హైదరాబాద్ కేసే ఉంది. పుప్పాలగూడలోని భూమికి 1997 మార్చిలో రాసుకున్న అగ్రిమెంట్ల మీద సిద్ధంశెట్టి ఇన్‌ఫ్రా ప్రాజెక్ట్స్ దావా నడిచింది. కింది కోర్టు దావాను కొట్టేసింది. తెలంగాణ హైకోర్టు 2021లో కొనుగోలుదారు పక్షాన డిక్రీ ఇచ్చింది. 2022 ఆగస్టు 25న అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం ఆ డిక్రీని రద్దు చేసింది. చెల్లింపు గడువు దాటిందని, దావా కూడా కాలపరిమితి దాటాక వేసిందేనని తేల్చింది. రెండేళ్ల పైచిలుకుకు, 2024 నవంబరు 8న, ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం రివ్యూ పిటిషన్‌లో ఆ తీర్పునే వెనక్కి తీసుకుని కొనుగోలుదారు వైపు నిలిచింది. రివ్యూలో సుప్రీంకోర్టు తన తీర్పును తానే తిప్పుకోవడం అరుదు. కాగితం ఒకటే, షరతు ఒకటే, భూమి ఒకటే. 27 ఏళ్లలో మూడు సార్లు ఫలితం అటూ ఇటూ మారింది. దావా వేయడానికి మూడేళ్ల కాలపరిమితి ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నదే ఇలాంటి కేసుల్లో ముడి. లిమిటేషన్ చట్టం 54వ అధికరణం ప్రకారం తేదీ నిర్ణయించుకుని ఉంటే ఆ తేదీ నుంచి, లేకుంటే ఎదుటివాడు కాదన్న సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. కొన్నవాడు డబ్బు కట్టాల్సిన తేదీ ఒక్కటే రాసుకుని, అమ్మినవాడు రిజిస్ట్రేషన్ చేయాల్సిన తేదీ రాసుకోకపోతే ఏ లెక్క పట్టాలి? అర్థ సందిగ్ధత ఎక్కడుందంటే ఇక్కడే ఉంది.

ఈ ముడి విప్పేది నడతే. గడువు దాటాక కూడా అమ్మినవాడు వాయిదా సొమ్ము తీసుకుని రసీదు ఇస్తే, గడువును తానే వదులుకున్నట్టు. కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ కింద గడువు పొడిగింపు రాతలోనే ఉండాల్సిన పని లేదని, ఇద్దరూ ఒప్పుకున్నట్టు నడతతో రుజువైనా చాలని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. సందిగ్ధంగా ఉన్న షరతుకు అర్థం చెప్పుకోవడానికి పార్టీలు తర్వాత ఎలా నడుచుకున్నారో చూడవచ్చని 1974లో గోధ్రా ఎలక్ట్రిసిటీ కేసులో అంది. కాబట్టి డబ్బు పుచ్చుకున్నంతకాలం గడువు ఊసెత్తకుండా, మెట్రో ప్రకటన వచ్చిన వారానికి పాత గడువును చూపించి లీగల్ నోటీసు పంపే విక్రేతను కోర్టు నమ్మకూడదు. రెండున్నరేళ్లు నిద్రపోయి లేచిన కొనుగోలుదారుకు ఏ కొలత పెట్టామో, అతనికీ అదే కొలత పెట్టాలి.

దీనికి మూడు అభ్యంతరాలున్నాయి, మూడూ బలమైనవే. మొదటిది, నడతను లెక్కలోకి తీసుకుంటే రాతకు విలువేముంది? సాక్షులు చెప్పిందే వేదమైపోదా? అలా కాదు. రాసుకున్న ఒప్పందానికి విరుద్ధంగా నోటిమాట సాక్ష్యం చెల్లదన్న నియమం చెక్కుచెదరలేదు. పాత సాక్ష్య చట్టంలో 91, 92 సెక్షన్లుగా ఉన్నదే 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 94, 95 సెక్షన్లుగా అమల్లో ఉంది. ‘‘గడువుదేముంది, మెల్లగా ఇద్దువులే’’ అన్న మధ్యవర్తి మాట రాతను కొట్టేయలేదు. కానీ తేదీ వేసిన రసీదు, బ్యాంకు ఖాతాలో పడ్డ సొమ్ము, సర్వేకు పెట్టుకున్న దరఖాస్తు నోటిమాటలు కావు. నడత అంటే నేను అంటున్నది వీటినే.

రెండో అభ్యంతరం శాసనం నుంచి వస్తుంది. 2018 సవరణకు ముందు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఒప్పందాన్ని యథాతథంగా అమలు చేయించడమా, నష్టపరిహారంతో సరిపెట్టడమా అన్నది కోర్టు విచక్షణ. 2018 అక్టోబరు 1 నుంచి అమలు చేయించడమే నియమం, కాదనడానికి చట్టంలో చెప్పిన కారణాలే ఉండాలి. అలాంటప్పుడు గడువు, నడత, ధరల పెరుగుదల అని కోర్టు ఎలా తూకం వేస్తుంది? ధరల పెరుగుదల ఒక్కటే కారణంగా డిక్రీ నిరాకరించడం ఇప్పుడు కష్టమేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే 16(సి) సెక్షన్ ఎక్కడికీ పోలేదు. తన వంతు నెరవేర్చడానికి మొదటి నుంచీ సిద్ధంగా, సుముఖంగా ఉన్నానని వాది రుజువు చేసుకోవాలి. సిద్ధంగా ఉండటం అంటే చేతిలో డబ్బు లేదా డబ్బు సమకూర్చుకునే స్థోమత. సుముఖత అంటే నడత. విచక్షణ తగ్గింది కాబట్టి ఈ పరీక్షకే ఇప్పుడు బరువు పెరిగింది. గడువు నాటికి బ్యాంకులో సొమ్ము లేని వాది, నోటీసులో మాత్రం సర్వసన్నద్ధుడినని రాస్తే కోర్టు బ్యాంకు స్టేట్‌మెంటు అడిగి తీరాలి.

మూడోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది. చదువు రాని రైతు, దస్తావేజు లేఖరి రాసిన మూస వాక్యం మీద వేలిముద్ర వేశాడు. పట్నంలో ఉద్యోగం చేసే కొనుగోలుదారు కూడా దాన్ని సరిగా చదవలేదు. ఇద్దరికీ తెలియని షరతుతో ఇద్దరినీ కట్టేయడం న్యాయమా? తెల్లకాగితం సాదా బైనామాలను క్రమబద్ధం చేయమంటూ 2020లో లక్షల దరఖాస్తులు వచ్చిన రాష్ట్రం మనది. కాగితం విలువ తెలియక కాదు, కాగితం చేయించుకునే దారి దొరక్క వచ్చిన పరిస్థితి అది. ఈ అభ్యంతరంలో నిజముంది. కానీ దీనికి విరుగుడు గడువును పట్టించుకోకపోవడం కాదు. అలా చేస్తే లాయరును పెట్టుకుని ఇరవై ఏళ్లు ఆగగలిగినవాడే గెలుస్తాడు. రైతు ఆగలేడు. విరుగుడు శిక్షలో ఉంది. జప్తు షరతును రాసింది రాసినట్టుగా అమలు చేయకూడదని చట్టం ఎప్పుడో చెప్పింది. 1963లో ఫతే చంద్ కేసులో 1,12,500 రూపాయల ఒప్పందంలో విక్రేత 25,000 జప్తు చేసుకున్నాడు. అందులో అసలు బయానా 1,000 మాత్రమే అతనికి మిగిల్చి, మిగతా 24,000 మీద హక్కు లేదని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2015లో కైలాష్ నాథ్ కేసులో ఢిల్లీ అభివృద్ధి సంస్థ 78 లక్షల బయానా జప్తు చేసింది. అదే స్థలాన్ని మళ్లీ వేలం వేసి, మొదటి ధర 3.12 కోట్లయితే 11.78 కోట్లకు అమ్ముకుంది. నష్టమే లేనప్పుడు పరిహారం ఎక్కడిదని సుప్రీంకోర్టు ఆ సొమ్మును తిరిగి ఇప్పించింది. గడువును కఠినంగా చదవండి, జప్తును మెత్తగా చదవండి. గడువు తప్పినవాడు భూమిని కోల్పోవచ్చు. కట్టిన సొమ్మంతా కోల్పోనక్కర్లేదు.

ధరను కోర్టే మార్చవచ్చా అన్నది ఇంకో చిక్కు. రచయిత సల్మాన్ రష్దీ తండ్రి అనీస్ అహ్మద్ రష్దీ ఢిల్లీలోని తన బంగళాను 1970 డిసెంబరులో 3,75,000 రూపాయలకు అమ్మడానికి ఒప్పుకుని 50,000 తీసుకున్నారు. ఆదాయపు పన్ను క్లియరెన్సు తేవాల్సిన షరతు దగ్గర వ్యవహారం చిక్కుకుంది. 2012 డిసెంబరు 3న సుప్రీంకోర్టు ఆ షరతును వ్యాపారంలో ఉన్న ఇద్దరు మామూలు మనుషులు ఏం ఉద్దేశించి ఉంటారో దాన్ని బట్టి చదివి, అమ్మకం జరగాల్సిందేనంది. ధర మాత్రం తీర్పు నాటి మార్కెట్ రేటు. నలభై రెండేళ్ల వ్యవహారానికి అదొక్కటే న్యాయమైన ముగింపు కావచ్చు. దాన్నే మామూలు మందుగా వాడితే మాత్రం నాకు ఒప్పుదల కాదు. ఇవాళ్టి ధర కట్టి కొనాలంటే దావా ఎందుకు, పక్క సర్వే నంబరులో కొనుక్కోవచ్చు.

ప్లాట్లు, ఫ్లాట్ల సంగతి కొంత తేలిక. అక్కడ బలం సమానం కాదన్న విషయం దాచాల్సింది కాదు కాబట్టి చట్టం నేరుగా దిగింది. బిల్డర్ ఆలస్యానికి 9 శాతం, కొన్నవాడి ఆలస్యానికి 18 శాతం వడ్డీ రాసుకున్న అగ్రిమెంటును 2019 ఏప్రిల్‌లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు ఏకపక్షమని తోసిపుచ్చింది. రెరా చట్టం ఇద్దరికీ ఒకే వడ్డీ ఉండాలంటుంది. ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రిజిస్టర్ చేయాలంటుంది. ఆ అగ్రిమెంటు ఎలా ఉండాలో నమూనా కూడా నిబంధనల్లోనే ఇచ్చింది. శామీర్‌పేట చుట్టూ వెంచర్లలో ప్లాటు కొనేవారు కనీసం ఈ మూడింటినీ పట్టుబట్టి అడగాలి.

రైతుకూ కొనుగోలుదారుకూ మధ్య నేరుగా జరిగే అగ్రిమెంటుకే అలాంటి నమూనా లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రిజిస్ట్రేషన్ చట్టానికి సవరణ తెచ్చి, వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకపు అగ్రిమెంటును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలన్నారు. అయినా రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు నడుస్తూనే ఉన్నాయి. ఒప్పందం అమలు కోరే స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావాలో వాటిని సాక్ష్యంగా చూపడానికి 49వ సెక్షన్ వీలు కల్పిస్తుంది కూడా. తప్పనిసరి అని రాసి, రాసుకోవాల్సింది ఏమిటో చెప్పకపోతే సగం పనే అవుతుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తెలుగులో ఒక నమూనా అగ్రిమెంటు అందుబాటులో ఉంచడానికి పెద్ద ఖర్చు లేదు. అందులో కొనుగోలుదారు చెల్లించాల్సిన తేదీ ఒక గడిలో, విక్రేత హద్దులు చూపించాల్సిన తేదీ రెండో గడిలో, వారసుల సంతకాలకు మూడో గడిలో, రిజిస్ట్రేషన్ తేదీ నాలుగో గడిలో ఉండాలి. వెనక పేజీలో గడువు పొడిగింపుకు ఖాళీ ఉంచాలి, అక్కడ ఇద్దరి సంతకం, తేదీ ఉంటేనే పొడిగింపు చెల్లుతుందని రాయాలి. జప్తు ఎంతవరకో అంకెల్లో రాయించాలి. 1998లో మొదలైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. చాంద్ రాణి, విద్యానాదం, శారదామణి కేసులు తెలిసినవారు అక్కడే ఉన్నారు. రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వారిని ఈ నమూనా రాయమని అడిగితే, కోర్టు ఇరవై ఏళ్ల తర్వాత ఊహించాల్సి వచ్చే తేదీలను ఇద్దరూ సంతకం పెట్టే రోజునే రాసుకుంటారు.